పేరు తెలియని స్టీలు: గుర్తుపట్టడం, హార్డెనింగ్ చేయడం ఎలా

బెంగళూరు పీణ్యలో, కామాక్షిపాళ్యలో, రాజగోపాలనగర్‌లో చిన్న లేత్ షాపులు నడిపేవాళ్లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చి, మిషను మీద చేయి తిరిగినవాళ్లు. డ్రాయింగ్ ఇస్తే కొలత తప్పకుండా పని తీస్తారు. కానీ తీసిన జాబ్ హార్డెనింగ్‌కు, అంటే కాల్చి ముంచి గట్టిపరచడానికి, వెళ్లి పగిలి వస్తే, లేదా వెళ్లినంత మెత్తగానే తిరిగి వస్తే, తప్పు ఎక్కడుందో తేల్చుకోలేక కొలిమివాడితో గొడవ పడతారు. చాలాసార్లు తప్పు కొలిమిలో జరగదు, రాడ్డు కొన్న రోజే జరిగిపోతుంది. "ఈఎన్ 31 అన్నా, కళ్లు మూసుకుని తీసుకుపో" అని గ్రేడు పేరు చెప్పి దుకాణంవాడు అన్న మాటను నమ్మి, రెండు రోజుల మిషను పనిని దాని మీద పెట్టేస్తాం.

అందుకే ఒక నియమం పెట్టుకోండి. జాబ్ ఏ రాడ్డు నుంచి తీస్తున్నారో అదే రాడ్డు నుంచి చిన్న ముక్క కోయండి. ఆ ముక్కను కాల్చి, ముంచి, విరిచి చూసేదాకా అసలు జాబ్‌ను వేడి దగ్గరికి తీసుకెళ్లొద్దు. కింద రాసిందంతా ఆ ముక్క చుట్టూ తిరిగే పనే.

కొనేటప్పుడు

కొత్త రాడ్డయితే మిల్ టెస్ట్ సర్టిఫికెట్ కాపీ అడగండి. దాని మీది హీట్ నంబరూ (ఆ స్టీలు కరిగించిన విడత నంబరు) రాడ్డు మీద పంచ్ కొట్టిన నంబరూ ఒకటేనా చూడండి. ముక్కలు కోసి అమ్మే దుకాణాల్లో నంబరున్న కొస ఎప్పుడో అమ్ముడైపోయి ఉంటుంది. అప్పుడు సర్టిఫికెట్ ఉన్నా లేనట్టే. కొసకు పూసే రంగునూ నమ్మడానికి లేదు, ఒక్కో స్టాకిస్టుది ఒక్కో లెక్క.

సర్టిఫికెట్‌లో మీరు అడిగిన పేరు కనిపించకపోతే కంగారు పడకండి. మనం వాడే ఈఎన్ నంబర్లు బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 970 నాటివి. వాళ్లు వాటిని మార్చేసినా మన షాపుల్లో ఇంకా అవే నడుస్తున్నాయి. 080ఎం40 అని ఉంటే ఈఎన్ 8. 817ఎం40 అంటే ఈఎన్ 24. ఎస్ఏఈ 52100 అంటే దాదాపు ఈఎన్ 31. ఓ1 అంటే మన ఓహెచ్‌ఎన్‌ఎస్, నూనెలో గట్టిపడే టూల్ స్టీలు. హెచ్‌సీహెచ్‌సీఆర్ (కార్బన్, క్రోమియం ఎక్కువున్న టూల్ స్టీలు) అన్న పేరుతో మాత్రం డీ2, డీ3 రెండూ అమ్ముతారు. కార్బన్ ఒకదానిలో 1.5 శాతం, ఇంకోదానిలో 2 శాతం పైన. ఏదో అడిగి రాయించుకోండి. ఈఎన్ 24టీ అన్నారంటే అది ఇప్పటికే హార్డెనింగ్, టెంపరింగ్ (గట్టిపరిచాక తక్కువ వేడిలో ఉంచి పెళుసుదనం తగ్గించడం) అయిన సరుకు. షాఫ్టులాంటి పనికి దాన్ని మిషను చేసి అలాగే వాడేయవచ్చు, మళ్లీ కొలిమికి పంపనక్కర్లేదు.

గుజిరీ సామాను సంగతి వేరు. లారీ కమాను పట్టీలో 0.5 నుంచి 0.6 శాతం దాకా కార్బన్ ఉంటుంది. ఈఎన్ 45 లాంటి సిలికాన్ ఎక్కువున్న స్ప్రింగ్ స్టీలు కావచ్చు, ఈఎన్ 47 లాంటి క్రోమ్ వెనేడియం స్టీలూ కావచ్చు. చిన్న బేరింగ్ రింగులు చాలావరకు ఈఎన్ 31. పెద్ద టేపర్ రోలర్ బేరింగుల్లోనూ గేర్లలోనూ ఎక్కువగా తక్కువ కార్బన్ స్టీలు తీసుకుని, పైపొరకు మాత్రమే కార్బన్ ఎక్కించి గట్టిపరుస్తారు. గేరు పంటి మీద ఆకురాయి పెడితే జారిపోతుంది. అదే గేరును అడ్డంగా కోస్తే నడుమ ఆకురాయి హాయిగా దిగుతుంది. పైపొర ఒక మిల్లీమీటరు దాటకపోవచ్చు. అలాంటి దాంట్లోంచి పంచ్ చేస్తే ఆ పొర మిషనులోనే పోతుంది, మిగిలేది మెత్తటి ఇనుమే. కాబట్టి పాత సామాను దేన్నయినా అడ్డంగా కోసి, అంచును, నడుమను విడివిడిగా పరీక్షించండి.

వాడేసిన కమాను పట్టీలో కంటికి ఆనని పగుళ్లుంటాయి. డై పెనెట్రంట్ కిట్ కొనుక్కోండి. ఎర్ర ద్రవం చల్లి, కాసేపుంచి, శుభ్రంగా తుడిచి, తెల్ల డెవలపర్ చల్లితే పగులున్నచోట ఎర్ర గీత తేలుతుంది. ఆ గీత ఉన్న పట్టీతో కత్తి చేస్తే ముంచినప్పుడు సరిగ్గా అక్కడే విడిపోతుంది.

ఇంకొక మాట, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. షాక్ అబ్సార్బర్, గ్యాస్ స్ప్రింగ్, రెండు చివరలూ మూసుకుపోయిన పైపు, వీటిని మంటలో పెట్టొద్దు. లోపలి గాలి, నూనె వేడెక్కి బాంబులా పేలతాయి. జింక్ పూత, క్రోమ్ పూత ఉన్నవాటినీ కాల్చొద్దు. ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు.

అయస్కాంతం, ఆకురాయి

అయస్కాంతం అంటకపోతే అది 304, 316 రకం స్టెయిన్‌లెస్సో, మాంగనీస్ బాగా ఎక్కువున్న హాడ్‌ఫీల్డ్ స్టీలో అయ్యుంటుంది. ముంచి గట్టిపరిచే పద్ధతికి అవి లొంగవు, పక్కన పెట్టేయండి. అంటిందంటే మాత్రం ఇంకా ఏమీ తేలనట్టే.

కొత్త ఆకురాయి అంచుతో ఒక మూల గీయండి. జారిపోతే గట్టిదనం 60 హెచ్‌ఆర్‌సి (రాక్‌వెల్ మిషను చూపే కొలత) చుట్టుపక్కల ఉన్నట్టు. కష్టంగా పట్టుకుంటే 45, 50 మధ్య అనుకోవచ్చు. సులువుగా రజను రాలితే మెత్తని స్థితిలో ఉంది. అది ఎంఎస్ (మైల్డ్ స్టీలు, కార్బన్ తక్కువున్న మామూలు ఇనుము) అయినా కావచ్చు, అనీల్ చేసి, అంటే కాల్చి నెమ్మదిగా చల్లార్చి మెత్తబరిచి, అమ్మిన డీ2 అయినా కావచ్చు. ఇప్పుడు ఎంత గట్టిగా ఉందో మాత్రమే ఆకురాయి చెబుతుంది, ఎంత గట్టిపడగలదో చెప్పదు.

రవ్వల పరీక్ష

గ్రైండర్ మీద పట్టి రవ్వలు చూడటం మన షాపుల్లో అందరికీ తెలుసు, సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. ఒంటరిగా ఒక రాడ్డు రవ్వలు చూసి పేరు చెప్పడం అనుభవజ్ఞులకూ కష్టం. పక్కన తెలిసిన ముక్క పెట్టుకుని పోల్చడం ఎవరికైనా వస్తుంది. కాబట్టి ముందు ఒక గుత్తి తయారు చేసుకోండి. ఎంఎస్, ఈఎన్ 8, ఈఎన్ 24, ఈఎన్ 31, ఓహెచ్‌ఎన్‌ఎస్, డీ2, హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీలు), పోతఇనుము, ఒక్కో దానిలో చిటికెన వేలంత ముక్క. రిపోర్టుతో కొన్న రాడ్ల కొసల నుంచే కోయండి. ఒక కొసన పేరు పంచ్ కొట్టి, తీగకు గుచ్చి గ్రైండర్ పక్కన వేలాడదీయండి. ఈ శాస్త్రంలో మీరు పెట్టగల మంచి పెట్టుబడి ఇదే అని నా నమ్మకం.

చూసే ముందు రెండు పనులు చేయాలి. చక్రాన్ని డ్రెస్ చేయండి, అంటే పైపొర గీకి కొత్త ముఖం తేండి; అంతకు ముందు అల్యూమినియమో ఇత్తడో పట్టి ఉంటే రవ్వలు తప్పుదారి పట్టిస్తాయి. తర్వాత, ముక్క పైపొరను మిల్లీమీటరు పైనే తీసేయండి. వేడిగా రోల్ చేసిన రాడ్డు పైపొరలో కార్బన్ కాలిపోయి ఉంటుంది. అక్కడ రవ్వలు చూస్తే ఈఎన్ 31 కూడా ఎంఎస్‌లా కనిపిస్తుంది. పరీక్ష తప్పడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే.

లైటు ఆర్పి, వెనకాల నల్లటి గోడో గోనెపట్టానో ఉండేలా నిలబడండి. తెలిసిన ముక్కనూ తెలియని ముక్కనూ ఒకే ఒత్తిడితో, ఒకదాని వెంట ఒకటి పట్టండి. ఎంఎస్ నుంచి లేత పసుపు గీతలు పొడుగ్గా వస్తాయి, వాటి మీద పగిలే పువ్వులు ఒకటీ అరా. ఈఎన్ 8 గీతలు కాస్త పొట్టివి, కొసల్లో చీలికలు ఎక్కువ. కార్బన్ పెరిగేకొద్దీ గీత పొట్టిదవుతుంది, పువ్వులు చక్రానికి దగ్గరగా వచ్చేస్తాయి. ఈఎన్ 31 దగ్గరికి వచ్చేసరికి దీపావళి కాకరపువ్వొత్తి వెలిగించినట్టు చక్రం ముందే గుబురుగా విచ్చుకుంటాయి. డీ2లో కార్బన్ ఇంకా ఎక్కువైనా రవ్వలు అంత జోరుగా రావు. 12 శాతం క్రోమియం వాటిని అణిచేస్తుంది, నారింజ రంగులో పొట్టిగా, మందకొడిగా ఉంటాయి. హెచ్‌ఎస్‌ఎస్‌వి ముదురు ఎరుపు గీతలు, సన్నగా, తెగి తెగి వస్తాయి, పువ్వులు దాదాపు ఉండవు. పోతఇనుము రవ్వలు చక్రం దగ్గర ఎర్రగా మొదలై కొద్ది దూరంలోనే ఆరిపోతాయి.

ఈ పరీక్ష కార్బన్ ఎక్కువా తక్కువా అన్నది బాగా చెబుతుంది. ఈఎన్ 19, ఈఎన్ 24 పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమంటే మాత్రం కంటి మీద పందెం కాయకండి. అక్కడ తేడా నికెల్‌ది, దానికి ల్యాబే దారి.

ముక్క చెప్పే సాక్ష్యం

రాడ్డు నుంచి 6 మిల్లీమీటర్ల మందం, రెండంగుళాల పొడవు ఉండేలా మూడు ముక్కలు కోయండి. ఒక్కోదాన్ని గ్యాస్ టార్చితోనో చిన్న కొలిమిలోనో కాల్చాలి. ఎండ పడని చోట కాల్చండి. ఎండలో ఎరుపు మసగ్గా కనిపించి, చాలలేదనుకుని ఎక్కువ కాల్చేస్తారు. మధ్యమధ్యలో తీగకు కట్టిన అయస్కాంతాన్ని ఆనించి చూడండి. సుమారు 770 డిగ్రీల దగ్గర అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఎరుపు ఇంకాస్త వెలుగెక్కేదాకా, అంటే 800 నుంచి 820 డిగ్రీల దాకా తీసుకెళ్లి రెండు మూడు నిమిషాలు నిలపండి.

ఒక ముక్కను గాలికి వదిలేయండి. రెండోదాన్ని గోరువెచ్చని నూనెలో ముంచండి. మూడోదాన్ని నీళ్లలో. చల్లారాక మూడింటినీ ఆకురాయితో చూడండి.

నీళ్లలో ముంచింది కూడా మెత్తగానే ఉంటే కార్బన్ తక్కువ, ఎంఎస్ లాంటిది. నీళ్లలో గట్టిపడి నూనెలో సగంసగంగా ఉంటే ఈఎన్ 8, ఈఎన్ 9 తరహా. నూనెలో ముంచిన దాని మీదా ఆకురాయి జారితే నూనెకు గట్టిపడే రకం, ఓహెచ్‌ఎన్‌ఎస్, ఈఎన్ 31 లాంటిది. అలాంటిది నీళ్లలో ఎక్కువగా పగులుతుంది, ఆ పగులు కూడా ఒక ఆనవాలే. ఇక్కడ ఒక ఉచ్చుంది. డీ2కు 1000 నుంచి 1030 డిగ్రీలు కావాలి, హెచ్‌ఎస్‌ఎస్‌కు 1200 దాకా. 800 దగ్గర ముంచితే అవి గట్టిపడవు. కాబట్టి ముక్క మెత్తగా వచ్చినంత మాత్రాన ఎంఎస్ అని తీర్మానించకండి. రవ్వల్లో ఎరుపు, మందకొడితనం కనిపించి ఉంటే అది హై అల్లాయ్ సరుకు, అంటే క్రోమియంలాంటి లోహాలు బాగా కలిపింది.

ఇప్పుడు గట్టిపడ్డ ముక్కను వైస్‌లో సగం దాకా బిగించి, పైన మందపాటి గుడ్డ కప్పి, కంటికి అద్దాలు పెట్టుకుని సుత్తితో ఒక్కటివ్వండి. విరిగిన ముఖాన్ని కిటికీ వెలుతుర్లో తిప్పి చూడండి. బూడిద రంగులో, మెరుపు లేకుండా, నున్నగా ఉంటే స్టీలు లోపలి కణం (గ్రెయిన్) సన్నగా ఉన్నట్టు, అంటే వేడి సరిపోయింది. పలుకులు పలుకులుగా మెరుస్తూ ఉంటే వేడి ఎక్కువైంది. అలా కాల్చిన జాబ్ గట్టిగానే ఉంటుంది, కానీ పెళుసు, మొదటి దెబ్బకే మూల ఊడుతుంది. మంట తగ్గించి మరో ముక్కతో మళ్లీ చేయండి. విరిగిన ముక్కలను పారేయకండి, వాటి మీద వేడి ఎంతో రాసి డబ్బాలో దాచండి.

జాబ్ ఖరీదైనదైతే ఇవన్నీ అయ్యాక కూడా ల్యాబ్‌లో స్పెక్ట్రో (ఏ మూలకం ఎంతుందో చెప్పే పరీక్ష) చేయించండి. పీణ్యలో చేసే ల్యాబులు చాలానే ఉన్నాయి, ముక్క ముఖం చదునుగా గ్రైండ్ చేసి ఇస్తే చాలు. గుజిరీ వ్యాపారుల చేతిలో ఉండే ఎక్స్‌ఆర్ఎఫ్ గన్ క్రోమియం, నికెల్, మాలిబ్డినం చెబుతుంది గానీ కార్బన్ చెప్పలేదు. ఎంఎస్‌కూ ఈఎన్ 8కూ తేడా అంతా కార్బన్‌లోనే కాబట్టి అక్కడ ఆ గన్ మీకు పనికిరాదు.

హార్డెనింగ్

గ్రేడు తేలాక వేడి ఎంతన్నది పెద్ద సమస్య కాదు. ఈఎన్ 8కు 830 నుంచి 860, ఈఎన్ 24కు 820 నుంచి 850, ఈఎన్ 31కు 820 నుంచి 840, ఓహెచ్‌ఎన్‌ఎస్‌కు 790 నుంచి 820 డిగ్రీలు. వీటిలో మీ షాపులో చిన్న మఫిల్ ఫర్నేస్‌తో బాగా కుదిరేది ఓహెచ్‌ఎన్‌ఎస్. చిన్న పంచ్, డై, గేజ్ లాంటివి దీనితోనే మొదలుపెట్టండి.

జాబ్ డ్రాయింగ్‌లోనే సగం పగుళ్లుంటాయి. లోపలి మూలలకు పదునైన కోణం వదలొద్దు, రేడియస్ ఇవ్వండి. అంచుకు మరీ దగ్గరగా రంధ్రం వేయొద్దు. వేసిన రంధ్రాలను బంకమట్టితోనో స్టీల్ ఊలుతోనో మూసేయండి. మట్టి వాడితే పూర్తిగా ఆరాకే ఫర్నేస్‌లో పెట్టండి. మిషనులో ఎక్కువ మెటీరియల్ తీసిన జాబ్‌ను ఫినిషింగ్‌కు ముందు 600 నుంచి 650 డిగ్రీల దగ్గర ఒక గంట పెట్టి ఫర్నేస్‌లోనే చల్లారనిస్తే లోపలి ఒత్తిడి పోతుంది, తర్వాత వంపు తగ్గుతుంది.

ఫర్నేస్‌లో గాలి తగిలితే పైపొర కార్బన్ కాలిపోతుంది. స్టెయిన్‌లెస్ ఫాయిల్‌లో చుట్టండి, లేదా డబ్బాలో బొగ్గుపొడి మధ్య పెట్టండి. ముందు 650 దగ్గర కాసేపు నిలిపి, తర్వాత 800కు తీసుకెళ్లండి. జాబ్ రంగూ ఫర్నేస్ గోడ రంగూ ఒకటయ్యాక సమయం లెక్కపెట్టడం మొదలుపెట్టండి. 25 మిల్లీమీటర్ల మందానికి అరగంట చాలు.

నూనె సంగతి. కొనేటప్పుడు క్వెంచింగ్ ఆయిల్ (కాల్చిన జాబ్ ముంచే నూనె) అనే అడగండి. బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ వాడకండి. దాని పొగ విషం, అందులో నీటి చుక్క దాగి ఉంటే వేడి జాబ్ తగలగానే కుతకుతలాడి పైకి చిమ్ముతుంది. కిలో జాబ్‌కు 8 నుంచి 10 లీటర్ల నూనె ఉండాలి. డిసెంబరు పొద్దున పీణ్యలో నూనె చిక్కగా ఉంటుంది. చిక్కటి నూనె వేడిని నెమ్మదిగా లాగుతుంది. ఒక ఇనుప ముక్కను కాల్చి అందులో ముంచి, నూనెను 50, 60 డిగ్రీలకు తెచ్చుకోండి. తొట్టి పక్కనే దానికి సరిపడే రేకు మూత ఉండాలి. నూనె అంటుకుంటే మూత వేయండి, నీళ్లు మాత్రం పోయొద్దు. పాలిస్టర్ చొక్కా వేసుకుని ఈ పని చేయొద్దు, నూలు బట్టలు, బూట్లు ఉండాలి.

పట్టకారుతో తీసి, తటపటాయించకుండా నిలువుగా దించండి. పొడుగు జాబ్‌ను పడుకోబెట్టి ముంచితే కింది వైపు ముందు చల్లారి వంగుతుంది. దించాక పైకీ కిందికీ ఆడించండి, పక్కలకు ఊపకండి. చేత్తో పట్టుకుంటే చుర్రుమనే వేడి, అంటే 60, 70 డిగ్రీలు మిగిలి ఉండగానే బయటికి తీసి నేరుగా టెంపరింగ్‌కు పంపండి. "రేపు చేద్దాంలే" అని బల్ల మీద పెట్టి ఇంటికెళ్తే, పొద్దున్నే వచ్చేసరికి దానంతటదే పగిలి ఉండొచ్చు.

టెంపరింగ్

ఓహెచ్‌ఎన్‌ఎస్‌ను 180 నుంచి 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే సుమారు 60 హెచ్‌ఆర్‌సి దగ్గర నిలుస్తుంది. దీనికి ఇంట్లో వాడే ఓటీజీ ఓవెన్ చాలు, కానీ ఆ ఓవెన్‌లో మళ్లీ తిండి వండొద్దు. దాని డయల్‌ను నమ్మకుండా వేరే థర్మామీటరు పెట్టండి. ట్రేలో ఇసుక పోసి అందులో జాబ్‌ను పాతితే వేడి సమంగా పాకుతుంది.

ఉలి, స్క్రూడ్రైవర్ లాంటివాటికి రంగు చూసి టెంపర్ చేయవచ్చు. గట్టిపరిచిన ముఖాన్ని ఎమరీతో తళతళలాడేలా రుద్ది, వెనక నుంచి మెల్లగా వేడి చేయండి. 220, 230 దగ్గర లేత గడ్డి రంగు వస్తుంది, 255 దగ్గర గోధుమ, 275 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. గీతలు గీసే సూదికి లేత గడ్డి రంగు, ఉలికి ఊదా, స్ప్రింగ్ లాంటి దానికి నీలం. కోరిన రంగు కొసకు చేరగానే నీళ్లలో ముంచి ఆపేయండి. ఈ లెక్క సాదా కార్బన్ స్టీలుకే. క్రోమియం ఎక్కువున్నవాటిలో రంగులు ఆలస్యంగా వస్తాయి, వాటికి థర్మామీటరే గతి.

ఈఎన్ 24 లాంటి అల్లాయ్ స్టీలును 250, 400 డిగ్రీల మధ్య టెంపర్ చేయొద్దు. గట్టిదనం తగ్గుతుంది, పెళుసుదనం మాత్రం పెరుగుతుంది. 200 దగ్గర ఆపండి, లేదా 550 పైకి వెళ్లండి.

బయటికి ఇచ్చేటప్పుడు

డీ2, హెచ్‌ఎస్‌ఎస్, పెద్ద డైలు బయట వాక్యూమ్ ఫర్నేస్ ఉన్నవాళ్లకే ఇవ్వండి. "ఫుల్ హార్డ్ చేయన్నా" అని చెప్పి వచ్చేయకండి. చీటీ మీద గ్రేడు, హెచ్‌ఆర్‌సి ఇంతనుంచి ఇంతదాకా అని, ఏ ముఖం మీద గట్టిదనం ముఖ్యమో, వంపు ఎంతవరకు ఓర్చుకోగలరో రాయండి. గ్రైండింగ్‌కు 0.3, 0.4 మిల్లీమీటర్లు వదిలామని కూడా రాయండి. ఎంఎస్ జాబ్‌ను 50 హెచ్‌ఆర్‌సి చేయమని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లోపలిదాకా అది జరగదు. కేస్ హార్డెనింగ్ అడిగి, పొర లోతు ఎంత కావాలో కూడా రాయండి. దానికి ఎంఎస్ కంటే 20ఎంఎన్‌సీఆర్5, ఈఎన్ 353 మేలు. మీ పరీక్ష ముక్క ఒకదాన్ని జాబ్‌కు తీగతో కట్టి పంపండి. తిరిగి వచ్చాక దాన్ని విరిచి కణం చూసుకోవచ్చు, జాబ్‌ను విరవలేం కదా.

జాబ్ వచ్చాక రాక్‌వెల్ మిషను మీద మూడు చోట్ల చూడండి. తక్కువ చూపిస్తే వెంటనే ఫోను ఎత్తకండి. పైన 0.2 మిల్లీమీటర్లు గ్రైండ్ చేసి మళ్లీ చూడండి, చాలాసార్లు కార్బన్ కాలిన పైపొరే మోసం చేస్తుంది. లోపల కూడా తక్కువుంటే, వేడి చాలలేదా, నూనె నెమ్మదించిందా అన్నది డబ్బాలో దాచిన ముక్కలతో పోల్చి తేల్చుకోండి. మళ్లీ హార్డెనింగ్ చేయాలంటే ముందు అనీల్ చేసి తీరాలి. ఓహెచ్‌ఎన్‌ఎస్ అయితే 780 దాకా కాల్చి, గంటకు 20 డిగ్రీల చొప్పున దించుకుంటూ 550 దాకా రావాలి, తర్వాత గాలికి వదలవచ్చు. గట్టిపడ్డదాన్ని అలాగే రెండోసారి ముంచితే పగులుతుంది. అనీల్ చేసి, వేడి సరిచూసి చేసినా అదే అంకె వస్తే కొలిమినీ నూనెనూ వదిలేసి రాడ్డు మార్చండి.